జాయ్సీ పక్కన ఎవరూ లేరు

జాబ్రియా, కువైట్
18 నవంబరు 2005, శుక్రవారం

చెల్లి కేథరిన్‌కి,

నువ్వు పంపిన జాయ్సీ ఫొటో మొన్న చేతికందింది. ప్రభువు దయవల్ల నాకు ఏ లోటూ లేదు, నడుంనొప్పి ఒక్కటి తప్ప. నువ్వూ మరిది జేమ్సూ కులాసాగా ఉన్నారనుకుంటాను.

ఫొటో చూసి ఎంత సంబరపడ్డానో అంత దిగులూ పడ్డాను. ఆ స్టూడియో అతను దాని బుగ్గలకి పౌడరు దట్టించి, వెనక మంచుకొండల పరదా దించి, కదలకుండా నిలబెట్టేశాడు. నా కూతురా, దుకాణంలో బొమ్మా అనిపించింది. అదీగాక అది ఈస్టరుకి తీసిన ఫొటో. నా దగ్గరికొచ్చేసరికి నవంబరయింది. ఈపాటికి ముందు పన్ను ఊడిపోయి ఉంటుందేమో! ఏడాదిన్నర పిల్లని నీ చేతుల్లో పెట్టి విమానం ఎక్కాను. ఇప్పుడు దానికి ఐదేళ్లు నిండాయి. పోయినసారి సెలవు వచ్చే వేళకి మా యజమానురాలు మామాకి నెలలు నిండాయి. "నువ్వెళితే నన్నెవరు చూస్తారు" అని కదలనివ్వలేదు.

అందుకే ఒక ఆలోచన చేశాను. మామా పెద్దకూతురు నూరా కొత్త కెమెరా కొనుక్కుని పాతది నాకిచ్చింది. దానికి రీలు ఉండదు. తీసిన ఫొటోలన్నీ గోరంత కార్డులోకి వెళ్లిపోతాయి. ఈ ఇంట్లో ఫొటోలు ఇంట్లోనే అచ్చు వేసుకుంటారు, ఇంకుతో వేసే ప్రింటరు ఉంది. అలాంటిది ఒకటి కొని, కెమెరాతో కలిపి మీకు పంపుతాను. అప్పుడు స్టూడియో అక్కర్లేదు. అది అన్నం తింటున్నా, అలిగినా, నిద్రపోతున్నా తియ్యండి. వారం తిరక్కుండా పోస్టులో వెయ్యండి.

మామా నెలకోసారి ఫోను చేసుకోనిస్తుంది గాని, మన వీధిలో ఫోనున్న గంగారత్నం గారింట్లో అందరి చెవుల ముందూ నువ్వేం చెబుతావు, నేనేం అడుగుతాను? ఉత్తరమే నయం.

మీ అక్క,
కరుణమ్మ


మొగల్తూరు
6 డిసెంబరు 2005

అక్కకి,

నీ ఉత్తరం చదివి వినిపిస్తుంటే జాయ్సీ నా ఒళ్లో కూర్చుని నీ అక్షరాల మీద వేలు పెట్టి రాసింది. పన్ను ఊడలేదు. కదులుతోంది. పొద్దస్తమానం నాలుకతో దాన్ని ఆడించడమే పని.

ప్రింటరు సంగతి చెబితే ఆయన, "అంత సామాను మనకెందుకే, మీ అక్కనే ఒకసారి రమ్మనరాదా?" అన్నారు. ఆవిడ రాలేకే కదా ఈ తంటాలు అని నేనే గట్టిగా అన్నాను. మనింట్లో కంప్యూటరు లేదక్కా. అది లేకపోతే ప్రింటరు పని చెయ్యదని స్కూల్లో మాస్టారు అంటున్నారు. కనుక్కుని కొను.

నిన్న జాయ్సీ ఏమడిగిందో తెలుసా? "అమ్మ ఫొటోలో ఉంటాదా, ఇంట్లో ఉంటాదా?" అంది. ఇంట్లోనే ఉంటుంది, కాకపోతే ఆ ఇల్లు సముద్రానికి అవతల ఉందని చెప్పాను. నమ్మినట్టే తలూపింది.

నీ చెల్లెలు,
కేథరిన్


జాబ్రియా
23 డిసెంబరు 2005, శుక్రవారం

చెల్లి కేథరిన్‌కి,

ప్రింటరు కొన్నాను! ఎలా కొన్నానో చెబుతాను విను.

చర్చి అయ్యాక మన పాల్‌రాజు తన కారులో ఫహాహీల్ తీసుకెళ్లాడు. అక్కడొక దుకాణంలో ఖాసిం వలి అని కడప జిల్లా అబ్బాయి ఉన్నాడు. తెలుగు వినేసరికి ప్రాణం లేచొచ్చింది, వాళ్ల తెలుగు మన తెలుగు కాకపోయినా. నేను బాగా కనపడుతోంది కదా అని ఒక పెద్ద ప్రింటరు మీద చెయ్యి వేశాను.

"యాడ పెట్టేదానికక్కా? ఇంట్లో కంప్యూటరు ఉండాదా?" అన్నాడు.

"లేదు బాబూ. పిల్ల ఫొటోల కోసం."

"అయితే ఇది నీకొద్దు. దీంట్లో రంగులు తక్కువ. కాగితాలకు సాలు. మొగం వేసినావంటే సుక్కలు సుక్కలుగా కనపడ్తాది. ఇంగోటి, ఒక్క రంగు అయిపోయినా డబ్బా మొత్తం మార్చల్ల."

తర్వాత జెరాక్సు కూడా తీసేది చూపించాడు. పాల్‌రాజు, "ఇదే తీసుకోండక్కా, జేమ్సు జెరాక్సు కొట్టు పెట్టుకుంటాడు" అని ఒకటే పోరు. నాకు కొట్లెందుకు? నా పిల్ల మొహం నాకు మొహంలా కనపడితే చాలు. చివరికి మూలనున్న చిన్నది దింపాడు. టిఫిను డబ్బా కన్నా కాస్త పెద్దది. ఆరు రంగుల ఇంకు, దేని డబ్బా దానిదే. కెమెరా కార్డు పెట్టడానికి గాడి, పైన అగ్గిపెట్టెంత తెర. కంప్యూటరుతో పనే లేదు.

"వేసి చూపించు బాబూ," అన్నాను. నా దగ్గర కార్డులో ఏ ఫొటోలూ లేవు. అతనే దుకాణం కెమెరా ఎత్తి, "నవ్వక్కా, ఆడ పాప సూస్తాది," అని నన్ను తీశాడు. కాగితం కొద్దికొద్దిగా బయటికొచ్చింది. ముందు జుట్టు, తర్వాత నుదురు, కళ్లు. పాపిట దగ్గర తెల్లబడిందే నాకు. రోజూ అద్దంలో చూసుకునే మొహమే, ఎప్పుడూ గమనించలేదు.

ఆ ఫొటో కూడా ప్రింటరుతో పాటే పెట్టాను. జాయ్సీకి చూపించు. క్రిస్మస్‌కి పెట్టి పంపిన ఎర్ర గౌను దానికి సరిపోయిందో లేదో రాయి. పాల్‌రాజు రేపే ఊరికి బయల్దేరుతున్నాడు, ప్రింటరు అతనే తెస్తాడు. ప్లగ్గు ఇక్కడి చదరపు పిన్నుల రకం. జేమ్స్ కరెంటు పని తెలిసినవాడు గనక మార్చుకుంటాడు.

మీ అక్క


మొగల్తూరు
20 జనవరి 2006

అక్కకి,

ప్రింటరు చక్కగా పనిచేస్తోంది. ఆయన ప్లగ్గు మార్చి బల్ల మీద పెట్టగానే వీధిలో పిల్లలంతా మనింట్లోనే. జాయ్సీ దాని ముందు బోర్లా పడుకుని కాగితం ఎప్పుడొస్తుందా అని నోరు తెరుచుకుని చూస్తుంది. వచ్చేదాకా ఎవరినీ మాట్లాడనివ్వదు.

ఫొటోలు ఆయన తీస్తారు. అచ్చు వెయ్యడం నా పని. ఆ చిన్న తెర మీద బాణం గుర్తులు నొక్కితే, తీసిన ఫొటోలో మనకి కావలసినంత మేర మాత్రమే అచ్చు పడుతుంది. అది నేర్చుకున్నాను. మంచివి ఏరి పంపుతున్నాను. ఎర్ర గౌను సరిగ్గా సరిపోయింది.

నీ ఫొటో చూపించాను. చాలాసేపు చూసింది.

నీ చెల్లెలు,
కేథరిన్


జాబ్రియా
10 మార్చి 2006

కేథరిన్‌కి,

ఫొటోలు అందాయి. అలమర తలుపుకి లోపలివైపు అంటించుకున్నాను. బట్టలు తియ్యడానికి వెళ్లినప్పుడల్లా చూసుకుంటున్నాను. నూరా కూడా చూసి, "హెల్వా, హెల్వా" అంది, అందంగా ఉందని. ఆ రోజంతా నేను నేలమీద నడవలేదు.

తర్వాత్తర్వాత చూస్తుంటే ఒక సంగతి మనసులో పడింది. తప్పుగా అనుకోకు. ఏ ఫొటోలోనూ జాయ్సీ పక్కన ఎవరూ లేరు. చర్చి మెట్ల మీద ఒక్కతే. గుమ్మంలో అన్నం కంచం ముందు ఒక్కతే. రేవు గట్టు మీద కూడా ఒక్కతే. అంత నీళ్ల దగ్గర పిల్లని ఒంటరిగా వదులుతారా? అన్నిట్లోనూ అదే ఎర్ర గౌను. నేను పంపిన మిగతా బట్టలు ఏమయ్యాయి? ఒక ఫొటోలో అది పక్కకి చూసి నవ్వుతోంది. అక్కడ ఎవరున్నారు? చూసి చూసి నా బుర్ర వేడెక్కిపోయింది.

నీకు పని ఎక్కువైతే చెప్పు. దాచకు.

అక్క


మొగల్తూరు
11 ఏప్రిల్ 2006

అక్కకి,

రేవు దగ్గర నేనున్నాను. నేను లేకుండా అది రేవుకి ఎలా వెళుతుంది? గౌను సంగతి అంటావా, అమ్మ పంపిందని అదే కట్టుకుంటానని ఏడుస్తుంది. ఉతికి ఆరేస్తే తీగ కింద కూర్చుని ఆరేదాకా కాపలా కాస్తుంది. కొత్తవి రెండు అలాగే మడతలో ఉన్నాయి.

పోయిన వారం కాస్త ఒళ్లు వెచ్చబడింది. రెండు రోజుల్లో తగ్గిపోయింది. మట్టల ఆదివారం నాటి ఫొటోలు పెడుతున్నాను. ప్రింటరు తెర మీద ఏవో ఎర్ర గుర్తులు వస్తున్నాయి, ఆయన చూస్తానన్నారు.

కేథరిన్


జాబ్రియా
5 మే 2006

కేథరిన్‌కి,

కవరు విప్పి చూశాను. పిల్ల మొహమంతా పసుపు. చేతులు పసుపు. కంట్లో తెల్లగుడ్డు కూడా పసుపే. ఒళ్లు వెచ్చబడిందని ఎంత తేలిగ్గా రాశావు! కామెర్లు కాదూ అది? మామా కాళ్లావేళ్లా పడి ఫోను చేశాను. గంగారత్నం గారు, "ఏం లేదండి, బాగానే ఆడుతోందండి," అంది. నువ్వు ఊళ్లో లేవంది. పిల్ల అలా ఉంటే నువ్వు ఊళ్లో ఎందుకు లేవు?

ఫొటోలో ఈసారీ దాని పక్కన ఎవరూ లేరు. చేతిలో మట్ట పట్టుకుని, దిక్కులేని పిల్లలా.

నాలుగు రోజులు ఆలోచించాను. పాలకొల్లులో సిస్టర్ల హాస్టలు ఉంది కదా. పాల్‌రాజు వాళ్లావిడ మాట్లాడింది, సీటు ఉందట. బడి తెరవగానే జాయ్సీని అక్కడ చేర్చండి. వేళకి తిండి, వేళకి మందు, చూసేవాళ్లు ఉంటారు. నీ మీద కోపంతో కాదు. నీ కడుపున ఒకరు పుట్టి ఉంటే నా బాధ నీకు తెలిసేది. కన్నదానికే తెలుస్తుంది అది.

నువ్వు కాదనకు.

కరుణమ్మ


మొగల్తూరు
18 జూన్ 2006

అక్క గారికి,

మీరు రాసినట్టే చేశాం. సోమవారం జాయ్సీని పాలకొల్లులో చేర్చాం. పెట్టె, దుప్పటి, కంచం అన్నీ కొన్నాం. హాస్టలు శుభ్రంగా ఉంది. సిస్టర్లు మంచివాళ్లు.

దానికి కామెర్లు లేవు. మీ ఉత్తరం అందిన రోజే నరసాపురం తీసుకెళ్లి చూపించాను. డాక్టరు గారు కళ్లూ నాలుకా చూసి, "ఎవరమ్మా కామెర్లన్నది?" అని నవ్వారు. ప్రింటర్లో ఎరుపు, నీలం అడుగంటిపోయి, ఉన్న పసుపే కాగితం మీద పడింది. ఆ ఇంకు డబ్బాలు భీమవరంలో కూడా దొరకలేదు. మీరు ఫోను చేసిన రోజు నేను వాటి కోసమే వెళ్లాను.

ప్రింటరు గుడ్డ కప్పి పైన పెట్టాం. ఇక ఫొటోలు పంపడం కుదరదు.

ఇట్లు,
కేథరిన్


జాబ్రియా
14 జులై 2006, శుక్రవారం

నా బంగారు చెల్లికి,

ఇందాకే ఫోను చేసి గంగారత్నం గారికి చెప్పాను. ఆవిడ సరిగ్గా చెప్పిందో లేదోనని మళ్లీ రాస్తున్నాను. ముందు వెళ్లి జాయ్సీని ఇంటికి తెచ్చుకో. మిగతాది తర్వాత చదువు.

పాల్‌రాజు తమ్ముడు పవన్ కుమార్ కొత్త వీసా మీద వచ్చాడు కదా. మీ ఆయన అతని చేతికి ఒక కాగితం పొట్లం ఇచ్చారట. విప్పితే కెమెరా కార్డు. "ఇక్కడ ఇంకు లేదు, అక్కడే అచ్చు వేయించుకోండి వదినా" అని ఒక్క ముక్క రాసి ఉంది. నీకు చెప్పారో లేదో నాకు తెలియదు.

ఇవాళ ఫహాహీల్ వెళ్లి ఖాసిం వలికి ఇచ్చాను. అతను కార్డు పెట్టి తెరలో చూసి, "ఈ యమ్మ ఎవురక్కా? అచ్చం నీ మాదిరే ఉండాది," అన్నాడు.

ఏ అమ్మ అని వంగి చూశాను. నువ్వే.

చర్చి మెట్ల మీద నువ్వు. కంచం ముందు ముద్ద కలుపుతూ నువ్వు. రేవు గట్టు మీద దాని నడుం చుట్టూ నీ చెయ్యి. నాకు పంపినవన్నీ అవే ఫొటోలు. అది పక్కకి చూసి నవ్వింది నిన్ను చూసే. నేను చూడనివి ఇంకా ఎన్నో ఉన్నాయి. నీ గుండె మీద అది నిద్రపోతుంటే నువ్వు కూడా నిద్రలో ఉన్నావు. ఒక్కొక్కటీ వస్తుంటే అందుకుని ఒళ్లో పేర్చుకున్నాను.

నిన్ను నువ్వే తీసేసుకున్నావా కేథరిన్? నేను నొచ్చుకుంటాననా?

ఈ ఇంట్లో చిన్నవాడి పుట్టినరోజుకి వాణ్ణి ఎత్తుకుని కేకు దగ్గర నిలబడ్డాను. వాడు నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా నిలవడు. మామా కెమెరా ఎత్తి, "యల్లా కరూనా, పక్కకి జరుగు" అంది. జరిగాను. ఫొటోలో నా జాకెట్టు చెయ్యి మాత్రం పడింది. ఆ ఫొటో హాల్లో గోడకుంది, రోజూ నేనే దుమ్ము తుడుస్తాను. నన్ను జరగమన్నది పరాయి మనిషి. నిన్ను ఎవరూ జరగమనలేదు. నీ అంతట నువ్వే జరిగావు.

చివరి ఫొటో హాస్టలు గేటు దగ్గరిది. అది నీ పైట రెండు చేతులా పట్టుకుని ఉంది. నువ్వు దాని వేళ్లు ఒక్కొక్కటే విడదీస్తున్నావు. నేను రాసిన ఉత్తరం చేసిన పని అది.

నీ కడుపు గురించి నేను రాసిన మాట వెనక్కి తీసుకోవడానికి లేదు. నువ్వు దాన్ని చదివేశావు. తిట్టాలనుంటే తిట్టు. పిల్లని మాత్రం తెచ్చుకో.

ఇంకొక్కటి అడుగుతాను. అది ఇప్పుడు ఎంత బరువుంది? ఎత్తుకుంటే ఏ చంక మీద కూర్చుంటుంది? ఎన్ని ఫొటోలు చూసినా ఆ సంగతి తెలియడం లేదు.

నీ అక్క


మొగల్తూరు
6 ఆగస్టు 2006

అక్కా,

గంగారత్నం గారు చెప్పారు. చెప్పడమేమిటి, వీధి మొదటి నుంచే అరుచుకుంటూ వచ్చారు. "ఏవమ్మా కేథరిన్, మీ అక్క ఏడుస్తోందే! పిల్లని తెచ్చేసుకోమంటోందే!" అని. చేతి పిండి కూడా కడుక్కోకుండా బస్సెక్కాను. ఆయన వెనక సైకిలు మీద వచ్చి, నేనెక్కిన బస్సు అందక తర్వాతి బస్సు పట్టుకున్నారు.

సిస్టరు గారు పిలిస్తే జాయ్సీ వచ్చింది. నన్ను చూసి పరిగెత్తలేదక్కా. వరండా స్తంభం దగ్గర ఆగిపోయింది. "చూడ్డానికొచ్చావా, తీసుకెళ్లడానికొచ్చావా?" అంది. తీసుకెళ్లడానికే అన్నాను. "మళ్లీ తీసుకొస్తావా?" అంది. మీ అమ్మే నిన్ను ఇంటికి తీసుకెళ్లమంది అని చెప్పాను. అప్పుడు వచ్చింది. బస్సులో నా కొంగు కొస వేలికి చుట్టుకుని కూర్చుంది. ఇప్పటికీ నేను పెరట్లోకి వెళితే వెనకే వస్తోంది.

కార్డు సంగతి నాకు తెలియదు. ఆయన్ని అడిగితే, "నువ్వు రాయవు, ఆవిడ చూడదు, మధ్యలో పిల్ల నలిగిపోతోంది. ఇంకేం చెయ్యను?" అన్నారు. ఆ మనిషి అంత మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు.

నీ మాటకి నేను చాలా ఏడ్చాను. ఏడవలేదని అబద్ధం రాయను. ఫొటోల్లో నేనెందుకు లేనో కూడా చెబుతాను. అది నన్ను అమ్మా అని పిలుస్తోంది. పిన్ని అను అని ఎన్నిసార్లు దిద్దినా, నిద్రలోనూ దెబ్బ తగిలినప్పుడూ అదే మాట వస్తుంది. మనిద్దర్నీ పక్కపక్కన చూస్తే నీకు ఆ పిలుపు వినపడుతుందేమోనని భయపడ్డాను. అంతే.

బరువు అడిగావు. హాస్టలుకి వెళ్లొచ్చి కాస్త తగ్గింది గాని, బరువే. ఎడం చంకనే కూర్చుంటుంది. కుడి వైపు వేసుకుంటే జారి దిగిపోతుంది. గడపలు దాటేటప్పుడు దాని కాళ్లు నా మోకాళ్లకి కొట్టుకుంటున్నాయి. చెరువు నుంచి ఇంటిదాకా మొయ్యలేక మధ్యలో ఒకసారి దించుతున్నాను. ఇంకో ఏడాది పోతే దాన్ని ఎవరూ ఎత్తుకోలేరక్కా. నువ్వు రావాలనుకుంటే ఈలోపు రా.

కేథరిన్


జాబ్రియా
8 సెప్టెంబరు 2006, శుక్రవారం

చెల్లికి,

నీ ఉత్తరం చదివి లేచి మామా గదికి వెళ్లాను. రంజాను ముందు అడిగితే తిడుతుందని తెలుసు. అయినా అడిగాను. "ఇప్పుడా? పండగ పనులు ఎవరు చేస్తారు?" అంది. "పండగయ్యాక పంపు మామా. పంపకపోతే ఖలాస్, నా ఇఖామా కాగితం రద్దు చేసెయ్యి, ఇంక తిరిగి రాను," అన్నాను. ఇన్నేళ్లలో ఆవిడకి ఎదురు చెప్పడం అదే మొదలు. ఆవిడ, "నీ కూతురికి ఎన్నేళ్లు?" అంది. ఇన్నాళ్లకి అడిగింది. చెప్పాను. మర్నాడు మామా భర్త బాబా నా పాస్‌పోర్టు తీసి టికెట్టు రాయించమని ఆఫీసుకి పంపాడు. నవంబరు మొదటివారం ప్రయాణం. రెండు నెలలు ఉంటాను. మళ్లీ రావాలి, ఆ సంగతి నీకూ తెలుసు.

పిల్లని విమానాశ్రయానికి తీసుకురావద్దు. ఆ జనంలో బెదిరిపోతుంది. ఇంటి దగ్గరే ఉండండి. ముందుగా ఏమీ నేర్పించకు. వెళ్లి అమ్మకి ముద్దు పెట్టు అని తోయకు. నిన్ను అమ్మా అని పిలిస్తే నా ముందు దిద్దకు, పిలవనీ. నన్ను కువైట్ ఆవిడ అన్నా పలుకుతాను.

నేను వచ్చి అరుగు మీద కూర్చుంటాను. దానికి బుద్ధి పుట్టినప్పుడు అదే వస్తుంది. రాకపోతే, అది నిద్రపోయాక నువ్వు నెమ్మదిగా తెచ్చి ఒక్కసారి నా ఎడం చంకన పెట్టు.

నీ అక్క,
కరుణమ్మ